ఎవరెవరు ఉన్నారు?
(కంప్యూటరును అడిగి తెలుసుకునే పద్ధతి)

ఈసారి కంప్యూటరు పాఠం రాయమని సార్ నాకు చెప్పారు. ల్యాబ్‌లో మన స్నేహితురాళ్ళలో ఎవరు కూర్చుని ఉన్నారో, మనం లేచి చూడకుండా కంప్యూటరునే అడిగి తెలుసుకోవచ్చు. అది ఎలాగో ఈ వ్యాసంలో రాస్తున్నాను. తప్పులుంటే పెన్సిలుతో దిద్దండి. పెన్నుతో కొట్టెయ్యకండి, ఒక్క చార్టే ఇచ్చారు.

కమాండ్లు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టాలి. మన పత్రిక తెలుగు పత్రిక కాబట్టి ఇక్కడ ఒక్కొక్క అక్షరం తెలుగులో చెబుతాను. మీరు నోట్సులో ఇంగ్లీషులో రాసుకోండి.

1. ముందు మా నాన్న సంగతి

పాఠంలో నాన్న ఎందుకు అని అనుకోవద్దు. మా నాన్న వల్లనే ఈ పాఠం నాకు అర్థమయ్యింది.

మేము యానాదులం. మా నాన్న గుంటూరులో బ్రాడీపేటలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. అమ్మ ఆ ఇళ్ళలోనే అంట్లు తోముతుంది. కింద సెల్లారులో మెట్ల పక్క గది మా ఇల్లు. సెలవులకు నేను అక్కడికే పోతాను.

బ్రాడీపేటలో వీధులను అంకెలతో చెబుతారు. పొడుగు వీధులను లైన్లు అంటారు. వాటిని కోసుకుంటూ పోయేవి అడ్డరోడ్లు. అడ్రసులో 4/3 అని రాస్తే నాలుగో లైను, మూడో అడ్డరోడ్డు అని అర్థం. కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్ళకు కొత్తగా వచ్చిన పిల్లలు కూడా ఆ రెండు అంకెలు పట్టుకుని ఇల్లు కనుక్కుంటారు. ఈ గీటు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా నాన్నకు చదువు రాదు. కానీ అపార్టుమెంటులో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని అడిగితే తల పైకెత్తకుండా చెబుతాడు. సెల్లారులో స్కూటరు ఉంటే ఇంట్లో ఉన్నట్టు. తలుపు దగ్గర పాల ప్యాకెట్టు తొమ్మిదయినా అట్లాగే ఉంటే ఊరెళ్ళినట్టు. చెప్పులు చూసి చుట్టాలు వచ్చారో లేదో చెబుతాడు. ఒక్కోసారి తప్పు కూడా పోతుంది. స్కూటరు ఉంటుంది, మనిషి వేరే వాళ్ళ బండి మీద పోయి ఉంటాడు.

కిందటి వేసవిలో అపార్టుమెంటు వాళ్ళు ఒక రిజిస్టరు కొని ఇచ్చారు. వచ్చినవాళ్ళ పేరు, ఏ ఫ్లాటు, వచ్చిన టైము, పోయిన టైము రాయాలి. నాన్న ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టాడు. ఆ వేసవి అంతా నేనే రాశాను. మా ఇంట్లో రిజిస్టరు రాసిన మొదటి మనిషిని నేనే.

అదే అపార్టుమెంటులో ఇంజనీరింగు చదివే అక్క ఒకామె ఉంది. ఒకరోజు ఆమె నా రిజిస్టరు చూసి, "నువ్వు రాసేదే కంప్యూటరు కూడా రాసుకుంటుంది తెలుసా" అన్నది. తన ల్యాప్‌టాప్ తెచ్చి మెట్ల మీద కూర్చుని చూపించింది. అప్పుడు నేర్చుకున్న కమాండ్లే ఇప్పుడు మన ల్యాబ్‌లో పనికొచ్చాయి.

2. మన ల్యాబ్‌లో ఏముంది?

మన ల్యాబ్‌లో ముందు వరసలో ఉన్నవి పాత కంప్యూటర్లు. అవన్నీ వైర్లతో మూలనున్న పెద్ద కంప్యూటరుకు కలిసి ఉన్నాయి. దానిని సర్వరు అంటారు. అందులో లైనక్స్ ఉంది. మనం నల్లతెర తెరిచి రోల్ నంబరు, పాస్‌వర్డు కొట్టి లోపలికి పోతాము. దాన్నే లాగిన్ అంటారు. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చున్నా అందరం ఆ ఒక్క సర్వరు లోపలే ఉంటాము. ఒక గేటు, లోపల ఇన్ని ఫ్లాట్లు అన్నట్టు.

ఈ పద్ధతి పాతది. యూనిక్స్ అనే సిస్టమును 1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు తయారుచేయడం మొదలుపెట్టారు. అప్పుడు కంప్యూటరు చాలా ఖరీదు. అందుకని ఒక్కదాన్నే చాలామంది పంచుకుని వాడేవాళ్ళు. పంచుకున్నప్పుడు "ఇప్పుడు ఎవరెవరు వాడుతున్నారు" అనే ప్రశ్న వస్తుంది కదా. అందుకే 1971లో వచ్చిన మొదటి యూనిక్స్ పుస్తకంలోనే "హూ" అనే కమాండు ఉంది. లైనక్స్‌ను 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ యూనిక్స్‌ను చూసి మొదలుపెట్టారు. అందువల్ల ఆ పాత కమాండ్లు మనకూ వచ్చాయి.

3. కమాండ్లు

(అ) హూ. స్పెల్లింగు: డబ్ల్యూ, హెచ్, ఓ. కొట్టి ఎంటర్ నొక్కాలి. ఇలా వస్తుంది:

రోల్07   పిటిఎస్/0   10:05
రోల్12   పిటిఎస్/1   10:06
రోల్16   పిటిఎస్/3   10:11

మొదటిది ఎవరు, రెండోది ఏ తెర, చివరిది ఎప్పుడు లోపలికి వచ్చారు. తారీఖు కూడా వస్తుంది, ఇక్కడ చోటు చాలక రాయలేదు. పిటిఎస్/3 అంటే మూడో నంబరు తెర. బ్రాడీపేట అడ్రసు లాగానే గీటు, అంకె. సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి తికమకపడకండి.

హూ తర్వాత ఖాళీ వదిలి "యామ్ ఐ" అని కొడితే మన వరస ఒక్కటే వస్తుంది. నేను ఎవరు అని అడిగినట్టు. మొదటిసారి కొట్టినప్పుడు రోల్16 అని వచ్చింది. నా పేరు కాదు, నంబరే. అయినా చాలాసేపు చూశాను.

(ఆ) డబ్ల్యూ. ఒక్కటే అక్షరం. ఇది హూ కన్నా ఎక్కువ చెబుతుంది. పై వరసలో ఇప్పటి టైము, సర్వరు ఆన్ అయి ఎంతసేపయింది, ఎంతమంది ఉన్నారు, గడిచిన 1, 5, 15 నిమిషాలలో దానికి పని భారం ఎంత అనేవి వస్తాయి. కింద ఒక్కొక్కరూ ఏ పని చేస్తున్నారో, ఎంతసేపటి నుంచి కీ నొక్కలేదో వస్తుంది. నొక్కకుండా ఉన్న టైమును ఐడిల్ అంటారు. ఐడిల్ 20 నిమిషాలు అని ఉంటే ఆ మనిషి నీళ్ళకు పోయి ఉండవచ్చు. స్కూటరు ఉంది, మనిషి లేడు అన్నట్టు.

(ఇ) లాస్ట్. ఎల్, ఏ, ఎస్, టి. ఇప్పుడు ఉన్నవాళ్ళను మాత్రమే కాదు, ఇంతకుముందు వచ్చి పోయినవాళ్ళను కూడా చూపిస్తుంది. కొత్తవి పైన, పాతవి కింద. వచ్చిన టైము, పోయిన టైము, ఎంతసేపు ఉన్నారు అన్నీ వస్తాయి. ఇంకా లోపలే ఉంటే "స్టిల్ లాగ్‌డ్ ఇన్" అని వస్తుంది.

హూ ఒక పుస్తకం చూస్తుంది, లాస్ట్ ఇంకో పుస్తకం చూస్తుంది. మొదటిదాని పేరు యూటిఎంపి. అందులో ఇప్పుడు లోపల ఎవరున్నారు అనేదే ఉంటుంది. రెండోది డబ్ల్యూటిఎంపి. అందులో వచ్చినవి, పోయినవి వరసగా చేరుతూ పోతాయి. నా రిజిస్టరులో "పోయిన టైము" గడి ఖాళీగా ఉన్న వరసలు మాత్రం చదివితే హూ. అన్ని వరసలూ చదివితే లాస్ట్. బిటిఎంపి అని మూడోది కూడా ఉంది. పాస్‌వర్డు తప్పు కొట్టి లోపలికి రాలేకపోయినవాళ్ళ లెక్క అందులో ఉంటుంది. అది సార్ ఒక్కరే చూడగలరు.

(ఈ) లాస్ట్‌లాగ్. లాస్ట్ తర్వాత ఖాళీ వదలకుండా ఎల్, ఓ, జి. ప్రతి మనిషీ చివరిసారి ఎప్పుడు వచ్చిందో ఒక్కొక్క వరసలో చెబుతుంది. ఒక్కసారి కూడా రానివాళ్ళకు "నెవర్ లాగ్‌డ్ ఇన్" అని వస్తుంది. కొన్ని కొత్త లైనక్స్‌లలో ఇది లేదు, మన సర్వరులో ఉంది.

(ఉ) రైట్. డబ్ల్యూ, ఆర్, ఐ, టి, ఇ. తర్వాత ఖాళీ వదిలి స్నేహితురాలి రోల్ నంబరు. మనం కొట్టిన వరస ఆమె తెర మీద పడుతుంది. అయిపోయాక కంట్రోల్, డి కలిపి నొక్కాలి. టాక్ అని ఇంకొకటి ఉంది. అందులో తెర రెండు ముక్కలవుతుంది, పైన మనది, కింద వాళ్ళది. మనం తప్పు కొట్టి చెరుపుకున్నది కూడా వాళ్ళకు కనిపిస్తుంది. టాక్ విడిగా ఎక్కించాలి, మన దగ్గర లేదు.

(ఊ) మెసేజి వద్దనుకుంటే: ఎమ్, ఇ, ఎస్, జి, ఖాళీ, ఎన్. ఇక తోటివాళ్ళు ఎవరు రైట్ చేసినా మన తెర మీద పడదు. మళ్ళీ కావాలంటే ఎన్ బదులు వై. పరీక్ష రాసేటప్పుడు ఇది పెట్టుకోండి.

(ఋ) పింగ్. పి, ఐ, ఎన్, జి, ఖాళీ, అవతలి కంప్యూటరు అడ్రసు. దీన్ని 1983 డిసెంబరులో మైక్ మూస్ రాశారు. సముద్రంలో సబ్‌మెరైను శబ్దం పంపి తిరిగొచ్చే చప్పుడు వింటుంది కదా, దాన్నిబట్టి ఆ పేరు పెట్టారు. ఇది మనుషులను అడగదు, కంప్యూటరును మాత్రమే అడుగుతుంది. జవాబు వస్తే ఆ కంప్యూటరు ఆన్‌లో ఉందని అర్థం. దాని ముందు మనిషి ఉందని కాదు. జవాబు రాకపోతే ఆఫ్ అయిందని కూడా గట్టిగా చెప్పలేము. పింగ్‌కు జవాబు ఇవ్వవద్దని కొన్ని కంప్యూటర్లకు చెప్పిపెడతారు.

4. వేలు అనే కమాండు

అన్నింటిలో నాకు నచ్చిన కథ ఫింగర్‌ది. ఫింగర్ అంటే వేలు. 1971లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కృత్రిమ మేధ ల్యాబ్‌లో లెస్ ఎర్నెస్ట్ అనే ఆయన దీన్ని రాశారు. అక్కడ అప్పటికే హూ ఉంది. కానీ అందులో పొట్టి గుర్తులే వచ్చేవి. ఫలానా మనిషి ఉన్నాడా అని జనం తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క వరస కిందికి దిగుతూ వెతికేవాళ్ళు. అది చూసి ఆయన, అసలు పేర్లు చూపించే ప్రోగ్రాము రాసి దానికి వేలు అనే పేరు పెట్టారు. మా నాన్న కరెంటు బిల్లు మీద ఇంటి నంబరు వెతికేటప్పుడు అట్లాగే వేలు పెడతాడు. చదువుకున్నవాళ్ళు కూడా అట్లా వెతుకుతారని తెలిసి నాకు సంతోషమయ్యింది.

ఫింగర్ కొడితే ఆ మనిషి పూర్తి పేరు, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఉత్తరాలు చూసుకుందా లేదా అనేవి వస్తాయి. దాని కింద "ప్లాన్" అని ఉంటుంది. అది మన గురించి మనమే రాసి పెట్టుకునే కాగితం. తాము ఎందుకు లేరు, ఎక్కడ దొరుకుతారు అని రాసి పెట్టుకోవడానికి దాన్ని మొదలుపెట్టారు. ఇంటి తలుపు మీద సుద్దతో "ఊరెళ్ళాము, శుక్రవారం వస్తాము" అని రాస్తారు కదా, అట్లాంటిదే.

1977లో ఒక ఊరి కంప్యూటరు నుంచి ఇంకో ఊరి కంప్యూటరును కూడా ఫింగర్‌తో అడగడానికి నియమాలు రాశారు. దానికి 79 నంబరు తలుపు ఇచ్చారు. ఎవరు అడిగినా ఆ తలుపు జవాబు చెప్పేది.

1988 నవంబరు 2న ఆ తలుపుకు దెబ్బ తగిలింది. రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి తనంతట తనే పాకిపోయే ఒక ప్రోగ్రామును వదిలాడు. అది లోపలికి దూరిన దారులలో ఫింగర్ ఒకటి. ఫింగర్ జవాబు చెప్పే ప్రోగ్రాములో ప్రశ్న రాసుకోవడానికి 512 అక్షరాల చోటు ఉండేది. ఇది 536 అక్షరాలు తోసింది. చోటు దాటి పొర్లినవి, ప్రోగ్రాము తర్వాత ఎక్కడికి పోవాలో రాసుకున్న చోటు మీద పడి, కంప్యూటరు దొంగ చెప్పినట్టు నడిచింది. వేలాది కంప్యూటర్లు కదలకుండా అయిపోయాయి. ఆయనకు 1990లో కోర్టు 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా, మూడేళ్ళ ప్రొబేషను వేసింది. తర్వాత తర్వాత చాలాచోట్ల 79 నంబరు తలుపు మూసేశారు. ఇప్పుడు లైనక్స్‌లో ఫింగర్ మామూలుగా రాదు, విడిగా ఎక్కించుకోవాలి. మన సర్వరులో సార్ ఎక్కించారు, కానీ మన ల్యాబ్ వరకే.

5. తెలుగువాళ్ళు, నల్లతెరలు

మన దేశంలో 1986లో ఎర్నెట్ మొదలయ్యింది. ఐఐటీలు, బెంగుళూరులోని ఐఐఎస్‌సి వంటి పెద్ద సంస్థలను కలిపింది. మామూలు జనానికి ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది. అప్పట్లో తక్కువ ధర అకౌంటులో బొమ్మలు రావు, నల్లతెర మీద అక్షరాలే. మనం ఇప్పుడు చూస్తున్నట్టే.

దానికి కొంచెం ముందే అమెరికా యూనివర్సిటీలలో చదివే తెలుగు విద్యార్థులు ఇట్లాంటి తెరల మీదనే ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఆ తెరలకు తెలుగు అక్షరాలు రావు. అందుకని తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాయడానికి ఒక పద్ధతి కావలసి వచ్చింది. టెక్సాస్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ గార్లు తయారుచేసిన ఆ పద్ధతికి ఆర్‌టిఎస్ అని పేరు. సొంత ఊరికి అంత దూరంలో ఉండి, తెర మీద తెలుగు పేరు కనిపిస్తే వాళ్ళకు ఎట్లా ఉండేదో నేను ఊహించగలను. నేను ఈ బడిలో చేరిన మొదటి వారం యానాది పిల్ల ఇంకెవరైనా ఉన్నదా అని భోజనాల వరసలో అందరి మొహాలూ చూశాను.

6. నేను చేసిన తప్పు

పాఠం అంటే కమాండ్లు మాత్రమే కాదు. వాటితో నేను చేసిన తప్పు కూడా రాయాలి.

డబ్ల్యూ నేర్చుకున్న కొత్తలో నేను ప్రతి ఐదు నిమిషాలకు అది కొట్టేదాన్ని. మా క్లాసులో లెక్కల్లో నాకు పోటీ వచ్చే అమ్మాయి ఒకామె ఉంది. ఒకరోజు ఆమె వరసలో ఆట పేరు కనిపించింది. నేను పోయి సార్‌తో చెప్పాను. ఆమెను లేపి నిలబెట్టారు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె ఆట ఆడటం తప్పే. కానీ నేను చూసింది పాఠం కోసం కాదు, ఆమెను పట్టించడం కోసమే.

అప్పుడు వేసవిలో జరిగిన సంగతి గుర్తొచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం బైకు మీద ఎవరో వచ్చి, "రెండో అంతస్తు మేడంగారు ఒక్కరే ఉన్నారా?" అని అడిగాడు. రిజిస్టరు నా చేతిలోనే ఉంది. సారు 9.40కి పోయారు, అమ్మాయి కాలేజీకి పోయింది, మేడం ఒక్కరే అని నాకు తెలుసు. తెలిసింది చెప్పాలని నోరు తెరిచాను. నాన్న నా చెయ్యి పట్టుకుని, "తెలీదు బాబూ, మీ పేరు చెప్పండి, పైకి ఫోను చేయిస్తాను" అన్నాడు. అతను పేరు చెప్పకుండా బండి తిప్పుకుని పోయాడు.

తర్వాత నాన్న అన్నాడు: "ఎవురున్నారో కనిపెట్టేదానికే మనల్ని పెట్టింది. కానీ అడిగినోళ్ళందరికీ చెప్పబాకమ్మా."

79 నంబరు తలుపు కథ చదివినప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది. ఫింగర్‌కు ఎవరున్నారో తెలుసు. ఎవరికి చెప్పకూడదో తెలియదు. ఇప్పుడు ఫోన్లలో కూడా ఇదే సంగతి. వాట్సాప్‌లో "ఆన్‌లైన్" అని, "లాస్ట్ సీన్" అని వస్తాయి. లాస్ట్ సీన్ అంటే మన లాస్ట్‌లాగే. ఎవరికి కనిపించాలో, ఎవరికి వద్దో మనం పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ అనేది దాచుకునే వీలు 2022లో ఇచ్చారు. ఇంట్లో అమ్మ ఫోనో అన్న ఫోనో వాడేవాళ్ళు ఇది చూసుకోండి. రాత్రి ఎన్నింటి వరకు మేలుకున్నామో అందరికీ తెలియనక్కరలేదు.

7. లేనివాళ్ళ వరస

ఇది చివరి భాగం. దీన్ని రాయవచ్చా అని నా స్నేహితురాలిని అడిగాను. "రాయి, నా పేరు మాత్రం వద్దు" అన్నది. నంబరు కూడా మార్చి రోల్23 అని రాస్తున్నాను. మన క్లాసులో ఆ నంబరు ఎవరికీ లేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచాక ఫిబ్రవరి మొదటి వారంలో సార్ మాకు లాస్ట్‌లాగ్ నేర్పించారు. అందరి వరసల్లో ఆ వారం తారీఖే వచ్చింది. రోల్23 దగ్గర మాత్రం జనవరి 8 అని ఉంది. ఆమె రాలేదని నాకు ముందే తెలుసు. హాజరులో పిలిచినప్పుడు ఎవరో ఒకరు "రాలేదు మేడం" అంటాము, ముందుకు పోతాము. రోజూ అనేసరికి అలవాటయిపోయింది. తెర మీద అన్ని కొత్త తారీఖుల మధ్య ఆ పాత తారీఖు చూసేసరికి దిగులేసింది. వేలు పెట్టి లెక్కపెట్టాను. నాలుగు వారాలు.

సంక్రాంతి తర్వాత అంటే మా వైపు మిరపకాయ కోతలు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలల్లో జనవరి నుంచి కూలీలు కావాలి. ఎక్కడెక్కడి వాళ్ళో పిల్లాజెల్లాతో వచ్చి చేల పక్కన పట్టాలు కట్టుకుని ఉంటారు. కాయ మాగినప్పుడల్లా కోయాలి, ఒక్కసారితో అయిపోదు. నేను కూడా నాలుగో తరగతిలో ఒక సీజను అమ్మతో పోయాను. సాయంత్రానికి చేతులు భగ్గుమంటాయి. ఆ చేత్తో కళ్ళు తుడుచుకుంటే ఏడుపే. గుంటూరు మిర్చియార్డులో ఎర్రగా పోసిన టిక్కీల గురించి పేపర్లలో రాస్తారు. ఆ కాయ కోసినవాళ్ళలో బడి మానినవాళ్ళు ఎంతమందో యార్డు రిజిస్టరులో ఉండదు.

ఆ సాయంత్రం నేను వార్డెన్ మేడం దగ్గరికి పోయి, "మేడం, రోల్23 చివరిసారి వచ్చింది జనవరి 8న" అన్నాను. తారీఖు చెప్పేసరికి మేడం రాసే పెన్ను ఆపారు. అడ్మిషను కాగితంలోని నంబరుకు ఫోను చేశారు. మొదట ఎత్తలేదు. మూడోసారి వాళ్ళమ్మ ఎత్తింది. కోతల్లో ఉన్నాము, చిన్నవాడిని చూసుకోను మనిషి లేదు, అయిపోయాక పంపిస్తాము అన్నది. అయిపోయాక అంటే ఏప్రిలు. అప్పటికి పరీక్షలు కూడా అయిపోతాయి. మేడం వాళ్ళతో చాలాసేపు మాట్లాడారు. తర్వాత ఇంకో రెండుసార్లు చేశారు. ఆమె ఫిబ్రవరిలోనే తిరిగి వచ్చింది. తమ్ముడిని వాళ్ళ పెద్దమ్మ దగ్గర పెట్టారు. వాళ్ళమ్మకు ఇప్పుడు ఒక మనిషి కూలి తగ్గింది. అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

వచ్చాక ఆమెకు లాస్ట్‌లాగ్ సంగతి చెప్పాను. నవ్వింది. "తప్పు, నేను తొమ్మిదో తారీఖు సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నాను. ఎనిమిది తర్వాత ల్యాబ్ పీరియడు లేదు కదా" అన్నది. నిజమే. కంప్యూటరు లాగిన్‌ను రాస్తుంది, మనిషిని కాదు. హూలో కనిపించినవాళ్ళు బాగున్నారని కాదు, కనిపించనివాళ్ళు మనల్ని మర్చిపోయారని కాదు. ఎందుకు రాలేదు అనేది ఏ కమాండూ చెప్పదు. అది మనమే అడగాలి.

ఆ తర్వాత ల్యాబ్ పీరియడులో నేను హూ కొట్టాను. మూడు వరసలు వచ్చాయి. కాసేపాగి మళ్ళీ కొట్టాను. నాలుగో వరసలో ఆమె నంబరు వచ్చింది. నేను రైట్ కొట్టి, "వచ్చావా" అని ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాశాను. "వచ్చా. చేతులు మండుతున్నాయి, నెమ్మదిగా కొడతా" అని జవాబు వచ్చింది.

గుర్తు పెట్టుకోవలసినవి

1. హూ, డబ్ల్యూ: ఇప్పుడు ఉన్నవాళ్ళు.
2. లాస్ట్, లాస్ట్‌లాగ్: వచ్చి పోయినవాళ్ళు, చాలా రోజులుగా రానివాళ్ళు.
3. రైట్: పలకరించడానికి. మెస్గ్ ఎన్: వద్దనడానికి.
4. పింగ్: కంప్యూటరు కోసం, మనిషి కోసం కాదు.
5. ఫింగర్ ప్లాన్‌లో ఫోను నంబరు, ఊరు, ఒక్కదాన్నే ఉన్నాను వంటివి రాయకండి.
6. ఇంకొకరు ఏం చేస్తున్నారో చూసేముందు ఎందుకు చూస్తున్నామో ఆలోచించండి.

అభ్యాసం

1. హూకు, డబ్ల్యూకు తేడా ఏమిటి?
2. పింగ్‌కు జవాబు రాలేదు. కంప్యూటరు ఆఫ్ అయిందని చెప్పవచ్చా? ఎందుకు?
3. వచ్చే ల్యాబ్ పీరియడులో లాస్ట్‌లాగ్ కొట్టండి. అన్నిటికన్నా పాత తారీఖు ఎవరిదో చూడండి. అది గోడ మీద రాయకండి, క్లాసులో గట్టిగా చదవకండి. వార్డెన్ మేడంతో చెప్పండి.

మూడో ప్రశ్నకు మార్కులు లేవు. అయినా అది వదిలిపెట్టకండి.

రోల్16, 9వ తరగతి